ఉతకడం వచ్చు, చెప్పడం రాదు: మా కొత్త వాషింగ్ మెషిన్ రివ్యూ

ముందే తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఈ ఫ్రంట్ లోడ్ మెషిన్ బట్టలు బ్రహ్మాండంగా ఉతుకుతుంది. దాని చేత ఉతికించుకోవడమే కష్టం. ఉతుకుడికి ఐదుకి ఐదు, వాడకానికి ఐదుకి రెండు. రెండూ కలిపి సగటు తీయమంటే మాత్రం తీయను. ఆ రెండో అంకె మీ ఇంట్లో ఎవరు వాడతారన్నదాన్ని బట్టి మారిపోతుంది. మా ఇంట్లో నేను వాడితే అదొక మెషిన్, మా అత్తయ్య వాడితే ఇంకో మెషిన్.

నా ఉద్యోగం గురించి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే ఈవిడకి నస ఎక్కువ అనుకుంటారు. జనం ఏదైనా ఆప్ వాడుతుంటే పక్కన కూర్చుని ఎక్కడ తడబడ్డారు, ఎక్కడ విసుక్కున్నారు, ఏ బటన్ నొక్కబోయి ఏది నొక్కారు అని రాసుకోవడం నా పని. మధ్యలో సాయం చేయకుండా నోరు మూసుకుని కూర్చోవడం అందులో అన్నిటికన్నా కష్టం. ఇంటికొచ్చినా ఆ బుద్ధి ఆగదు. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. కొనేముందు చూసిన మెషిన్లలో చాలావాటికి ఇదే రకం ప్యానెల్ ఉంది, కాబట్టి మీరు వేరే కంపెనీది కొన్నా ఇందులో సగం మీకూ పనికొస్తుంది.

మంచి సంగతులు ముందు. డ్రమ్ము ఎనిమిది కిలోలది. స్పిన్ నిమిషానికి 1400 చుట్ల దాకా వెళ్తుంది, ఆ వేగంలో కూడా పైన పెట్టిన పౌడర్ డబ్బా కదలదు. కాలర్ల మురికి పోతుంది, మందపాటి దుప్పట్లు కూడా నీళ్ళు కారకుండా బయటికొస్తాయి. తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది. పిడి చూడగానే ఎక్కడ వేళ్ళు పెట్టాలో, ఎటు లాగాలో తెలిసిపోతుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. గాజులోంచి బట్టలు తిరగడం కనబడుతుంది. అదేదో అలంకారం అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే, నడుస్తోందా ఆగిందా అని అడిగితే నిజం చెప్పేది ఈ మెషిన్ మొత్తంలో ఆ గాజు ఒక్కటే.

కష్టాలు ప్యానెల్ దగ్గర మొదలవుతాయి. నల్లటి గాజు పలక. ఆఫ్‌లో ఉంటే దాని మీద దాదాపు ఏమీ కనబడదు. షోరూంలో లైట్ల కింద ఎంత అందంగా ఉందో! ఇంట్లో మెషిన్ ఉండేది వెలుతురు తక్కువగా ఉండే మూల, అక్కడ పవర్ ఎక్కడుందో వేలితో వెతుక్కోవాలి. ప్రోగ్రాం ఎంచుకోవడానికి మధ్యలో ఒక నాబ్ ఉంచారు, పుణ్యం కట్టుకున్నారు. మిగతావన్నీ టచ్.

బట్టలు ఉతికే చోట చేతులు తడిగా ఉంటాయి. ఇది పరిశోధన చేసి కనుక్కోవాల్సిన విషయం కాదు. ఈ రకం టచ్ ప్యానెల్ వేలు దగ్గరికొచ్చినప్పుడు విద్యుత్తులో వచ్చే చిన్న మార్పుని పసిగట్టి పనిచేస్తుంది. నీటి చుక్క కూడా అలాంటి మార్పే తెస్తుంది. అందుకే తడి వేలితో ముట్టుకుంటే ఒక్కోసారి అసలు పట్టించుకోదు, ఒక్కోసారి పక్క బటన్ నొక్కామనుకుంటుంది. చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని మళ్ళీ నొక్కాలి. అత్తయ్య అలా తుడుచుకుంటున్నప్పుడల్లా నాకు ఐఎస్ఓ 9241-11 గుర్తొస్తుంది. వాడకం ఎంత సులువు అన్నదాన్ని నిర్వచించే అంతర్జాతీయ ప్రమాణం అది, 1998లో వచ్చింది, 2018లో సవరించారు. అనుకున్న పని పూర్తయిందా, దానికి ఎంత శ్రమ, టైము పట్టాయి, చేసినవాళ్ళకి తృప్తిగా ఉందా, ఈ మూడూ చూడమంటుంది. దాంట్లో నాకు బాగా నచ్చేది ఒక షరతు: ఎవరు, ఏ పని కోసం, ఎలాంటి చోట వాడతారో ముందు చెప్పకుండా ఊరికే "ఇది సులువు" అనడానికి వీల్లేదు. ఈ ప్యానెల్ పొడి చేతులతో, మంచి వెలుతురులో, నిలబడి చూసే ముప్పై ఏళ్ళ మనిషికి సులువే. అంటే షోరూంలో కొనేవాళ్ళకి.

పవర్, స్టార్ట్ గుర్తులు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకే సైజు, ఒకే తెల్ల రంగు. ఏదో చొక్కా మర్చిపోయి పాజ్ చేద్దామని చెయ్యి పవర్ మీద పడిందా, మొత్తం ఆగిపోతుంది. మళ్ళీ ఆన్ చేస్తే ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండదు, మొదటి నుంచి మొదలు. "చూసి నొక్కాలి కదా" అన్నాడు మా ఆయన. సరిగ్గా ఇదే మాట రెండో ప్రపంచ యుద్ధం నాటి పైలట్ల గురించి కూడా అన్నారు. బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక రన్‌వే మీదే బోర్లా పడేవి. ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక అంచున ఉండే పలకలు, మూయబోయి పైలట్లు చక్రాలు మడిచేసేవారు. పైలట్ పొరపాటు అని రాసేసి ఊరుకున్నారు. ఆల్ఫోన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు కాక్‌పిట్‌లోకి వెళ్ళి చూస్తే ఆ రెండు మీటలూ దగ్గర దగ్గరగా, ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీటకి రెక్క లాంటి ముక్క తగిలించారు. చీకట్లో తడిమినా తేడా తెలిసేది. ఆ రకం ప్రమాదాలు దాదాపు ఆగిపోయాయి. ఇప్పుడు తడిమితే తేడా తెలియకుండా ఉండటం కోసం డబ్బులు ఎక్కువ తీసుకుంటున్నారు.

కార్ల వాళ్ళకి మాత్రం ఈ విషయంలో గట్టిగా అడిగేవాళ్ళు దొరికారు. యూరప్‌లో కార్ల భద్రతకి స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్, ఎమర్జెన్సీ కాల్ లాంటివాటికి చేతికి తగిలే స్విచ్చులు లేకపోతే మార్కులు తగ్గిస్తానంటోంది. వాషింగ్ మెషిన్‌తో ప్రాణాలు పోవు కాబట్టి మన గోడు ఎవరికీ పట్టదు.

ఈ టచ్‌లో ఇంకో చిక్కుంది. నొక్కగానే స్పందించదు, ఒక క్షణం ఆలోచిస్తుంది. స్క్రీన్ల విషయంలో పాత లెక్క ఒకటుంది: పదో వంతు సెకనులో జవాబొస్తే మనమే చేశామనిపిస్తుంది, ఒక సెకను దాకా ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే మనసు వేరే పనికి పోతుంది. రాబర్ట్ మిల్లర్ 1968లో ఇలాంటి హద్దుల గురించి రాశాడు, తర్వాత జేకబ్ నీల్సన్ అనే మా రంగం నిపుణుడు వాటిని అందరికీ తెలిసేలా చేశాడు. ఇక్కడ ఆ పదో వంతు దాటిపోతోంది. నొక్కాం, ఏమీ కాలేదు, మళ్ళీ నొక్కాం. ఈలోగా మొదటి నొక్కుడూ రెండోదీ రెండూ లెక్కలోకి వెళ్ళి 40 డిగ్రీలు కావాలంటే 60 పడుతుంది. వెనక్కి వెళ్ళే బటన్ లేదు. 60 తర్వాత 90, తర్వాత చన్నీళ్ళు, 20, 30, అప్పుడు మళ్ళీ 40. ఇలా చుట్టూ తిరిగి రావాలి. స్పిన్ బటన్ కూడా అంతే. పోనీ ఒకసారి పెట్టింది గుర్తుంచుకుంటుందా అంటే అదీ లేదు, ఎప్పుడు ఆన్ చేసినా దాని ఇష్టమొచ్చిన ప్రోగ్రాం మీదే లేస్తుంది. మేము వారమంతా వాడేది ఒకటే సెట్టింగ్. పోయినసారి పెట్టిందే మళ్ళీ చూపిస్తే మా ఇంట్లో సగం గొడవ తగ్గేది.

ఇక చైల్డ్ లాక్. ఇది కాస్త తీరిగ్గా చెప్పాలి.

అత్తయ్య మెషిన్ ఆన్ చేసి, ప్యానెల్ మీద పౌడర్ మరకలున్నాయని గుడ్డతో తుడిచారు. టెంపరేచర్, స్పిన్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కితే లాక్ పడుతుంది. తడిగుడ్డ ఆ రెండింటి మీదా ఒకేసారి ఆగింది. బీప్ మని ఒక చప్పుడు, మూలన చీమ తలంత తాళం గుర్తు వెలిగింది. ఆవిడ కళ్ళజోడు లోపల టేబుల్ మీద ఉంది. ఆ తర్వాత ఏది నొక్కినా బీప్, డిస్‌ప్లేలో రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఒక్క క్షణం మెరిసి మాయం. నేను ఆఫీసులో ఉంటే ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నేనేదో చేసేశానే. మెషిన్ పాడైపోయినట్టుంది."

"ఏం కనబడుతోంది అత్తయ్యా?"

"ఏదో కనబడి పోతోంది. చదివేలోపే పోతోంది."

ప్లగ్గు తీసి పెట్టమన్నాను. తీసి పెట్టారు. లాక్ అలాగే ఉంది, కరెంటు పోయినా అది పోదు. సాయంత్రం నేనొచ్చేసరికి బట్టలన్నీ చేత్తో ఉతికి ఆరేసి ఉన్నాయి. ఆవిడ ముఖంలో మెషిన్ మీద కోపం లేదు, ఖరీదైన వస్తువు పాడుచేశానన్న బెంగ ఉంది. నాకు ఒళ్ళు మండింది అక్కడే. నా ఉద్యోగంలో రోజూ వినే మాటే ఇది. స్క్రీన్ మీద ఘోరమైన తప్పుంటుంది, ఎదురుగా కూర్చున్న మనిషి మాత్రం "నాకు ఇలాంటివి రావండీ" అని నవ్వేసి ఊరుకుంటారు. కంపెనీకి ఫిర్యాదు వెళ్ళదు. ఫిర్యాదులు లేవు కాబట్టి లోపం లేదనుకుంటారు.

ఆ రెండు బటన్లనీ కలుపుతూ ఒక గీత, దాని పక్కన "3 సె." అని రాసి ఉంది నిజానికి. నల్ల గాజు మీద ముదురు బూడిద రంగులో. వెబ్ పేజీల్లో మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని రాసిన నియమావళి, చెబుతుంది. ఇక్కడ ఎంతుందో కొలవలేదు, టార్చి వేస్తేగానీ నాకే కనబడలేదని మాత్రం చెప్పగలను.

లోపాలకి మేం మార్కులు వేసే పద్ధతి ఒకటుంది, అదీ నీల్సన్‌దే. సున్నా అంటే అసలు లోపమే కాదు, ఒకటి అంటే పైపై నలుసు, రెండు చిన్నది, మూడు పెద్దది, నాలుగు అంటే సరిచేసేదాకా వస్తువు బయటికి వదలకూడదు. అంకె వేసేముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఎంతమందికి తగులుతుంది? తగిలితే బయటపడగలరా? ఒకసారి తెలిశాక మళ్ళీ తగలకుండా ఉంటుందా? చైల్డ్ లాక్‌కి నేను మూడు వేస్తాను. తెలిసినవాళ్ళకి ఏమీ కాదు, తెలియనివాళ్ళకి మెషినే లేదు. పవర్-స్టార్ట్ పక్కపక్కన ఉండటానికీ మూడే, ఎందుకంటే అది తెలిశాక కూడా తగులుతూనే ఉంది. వెనక్కి రాని టెంపరేచర్ బటన్‌కి రెండు. ఉతకడం అయ్యాక వాయించే పాటకి ఒకటి. అర్ధరాత్రి దాటాక వింటే రెండు.

మంచి డిజైన్ ఎలా ఉండాలో చెబుతూ నీల్సన్ 1994లో ఖాయం చేసిన పది సూత్రాల్లో మొదటిది, లోపల ఏం జరుగుతోందో వాడేవాళ్ళకి ఎప్పటికప్పుడు తెలియాలన్నది. ఈ మెషిన్ దాన్ని రెండుచోట్ల తుంగలో తొక్కింది.

ఒకటి, ఆఖరి నిమిషం. డిస్‌ప్లేలో 0:01 అని పడుతుంది. టీవీ ఆపి లేచి వెళ్తాం. ఇంకా 0:01. తిరిగొచ్చి కూర్చుని మళ్ళీ వెళ్తాం. అదే 0:01. లోపల జరుగుతున్నది నిజానికి మంచి పని: దుప్పటి ఒకపక్కకి ముద్దగా చేరితే అదే వేగంతో తిప్పడం ప్రమాదం, అందుకని డ్రమ్ముని మెల్లగా అటూ ఇటూ తిప్పి బట్టలు సర్ది మళ్ళీ స్పిన్ మొదలుపెడుతుంది. నురగ ఎక్కువైనా ఇలాగే టైము తీసుకుంటుంది. ఇంత తెలివైన పని చేస్తూ ఆ మాట చెప్పుకోదు, ఒక నిమిషం అని అబద్ధం చెప్పి నిలబెడుతుంది. అంకె తీసేసి ఏదో గుర్తు తిప్పినా చాలు, బట్టలు సర్దుతోందని అర్థమవుతుంది.

రెండోది తలుపు. పాట అయిపోయింది, "ఎండ్" అని పడింది, తలుపు రాదు. లోపలి తాళం కొన్ని మెషిన్లలో వేడికి వంగే లోహపు ముక్కతో పనిచేస్తుంది, అది చల్లారి మామూలుగా అయ్యేదాకా తాళం వదలదు, ఒకటి రెండు నిమిషాలు పట్టొచ్చు. మా మెషిన్‌దీ అదే రకమని సర్వీస్ కుర్రాడు చెప్పాడు. భద్రత కోసమే, డ్రమ్ము పూర్తిగా ఆగకముందే ఎవరూ చెయ్యి పెట్టకూడదు. బాగానే ఉంది. మరి "ఎండ్" అని ఎందుకు వేయాలి? వాడేవాళ్ళకి పని అయిపోవడమంటే బట్టలు చేతికి రావడం. తాళం వదిలాక పాట పాడితే ఏం పోయింది? ఇప్పుడేమవుతోందంటే, పాట విని వచ్చినవాళ్ళు పిడి పట్టుకుని లాగుతున్నారు, రాకపోతే ఇంకా గట్టిగా లాగుతున్నారు. పిడి విరిగిన మెషిన్లు ఆ కుర్రాడు చాలానే చూశాడట. తలుపు పక్కన ఒక లైటుంది, తాళం పడితే ఎరుపు, వదిలితే ఆకుపచ్చ. మా తమ్ముడికి ఆ రెండు రంగుల తేడా సరిగా తెలియదు. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్ళలో పన్నెండు మందిలో ఒకరికి ఈ ఇబ్బంది ఉంటుందని లెక్క, మిగతా చోట్ల కొంచెం తక్కువ. ఎంత తక్కువైనా, రంగుతో పాటు తాళం బొమ్మ కూడా మారితే ఆ గొడవే ఉండదు.

పౌడర్ వేసే ట్రే గురించి రాయకపోతే పాపం. మూడు గదులు. ఒకదాని మీద ఒక గీత, ఒకదాని మీద రెండు గీతలు, మూడోదాని మీద పువ్వు. ఒక గీత అంటే మొదటిది, కాబట్టి పౌడర్ అందులో వేయాలని ఎవరైనా అనుకుంటారు. అది ప్రీవాష్ గది, చాలామంది జన్మలో వాడరు. అసలు ఉతుకుడికి రెండు గీతల గది. ఒక గీత దాంట్లో పౌడర్ పోస్తే, ప్రీవాష్ పెట్టకపోతే, పౌడర్ చాలావరకు అక్కడే గడ్డ కట్టి ఉండిపోతుంది, బట్టలు ఉత్త నీళ్ళలో తిరిగొస్తాయి. దీనికి మెషిన్ నుంచి హెచ్చరిక ఏమీ ఉండదు. బట్టలు సరిగా ఉతకడం లేదని సర్వీస్‌కి ఫోన్ చేసేవాళ్ళలో కొందరి కథ ఇదే అయ్యుంటుంది. ఇక పువ్వు గదిలో కండిషనర్ పోసేటప్పుడు మ్యాక్స్ గీత దాటకూడదు. ఎందుకో ఎక్కడా రాయలేదు. కారణం చాలా ముచ్చటగా ఉంటుంది: ఆ గది మధ్యలో చిన్న గొట్టం, దానిమీద టోపీ, అదొక సైఫన్. ఆఖరి జాలింపులో నీళ్ళొచ్చి మట్టం పెరగగానే మొత్తం ఒక్కసారి లాగేస్తుంది. మనమే ముందు ఎక్కువ పోస్తే అప్పుడే లాగేసుకుని పోతుంది, కండిషనర్ మొదటి నీళ్ళతోనే కాలవలో కలుస్తుంది. మోటారు లేదు, సెన్సర్ లేదు, ఎంత చక్కటి ఏర్పాటు! వాడాల్సినవాళ్ళకి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. మేము రెండు గీతల గది మీద స్కెచ్ పెన్నుతో "పౌడర్" అని రాసేశాం. ఒక వస్తువు మీద ఇంట్లోవాళ్ళు కాగితం అంటించారంటే, పెన్నుతో రాశారంటే, డిజైన్ చేసినవాళ్ళు వదిలేసిన పని అక్కడుందని అర్థం. మీ ఇంట్లో రిమోట్లు, స్విచ్ బోర్డులు ఒకసారి చూడండి.

ఎకో ప్రోగ్రాం మీద మా ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది. మూడు గంటలు దాటి చూపిస్తుంది. అత్తయ్య చూసి "ఇంతసేపా, కరెంటు బిల్లు వాచిపోతుంది" అని వెంటనే క్విక్ వాష్‌కి మార్చేస్తారు. ఆవిడ లెక్క న్యాయమైనదే. ఫ్యానైనా బల్బైనా ఎక్కువసేపు నడిస్తే ఎక్కువ కాలుతుంది. ఇక్కడ మాత్రం కరెంటులో ఎక్కువ భాగం తినేది డ్రమ్ము తిప్పే మోటారు కాదు, నీళ్ళు కాచే హీటర్. నీళ్ళు తక్కువ వేడి చేసి, ఆ లోటు ఎక్కువసేపు నానబెట్టి తిప్పడంతో పూడ్చుకుంటుంది ఎకో. యూరప్‌లో 2021 మార్చి నుంచి అమ్మే మెషిన్లలో "ఎకో 40-60" అనే ప్రోగ్రాం తప్పనిసరి చేశారు, అదీ ఇలాగే మెల్లగా నడుస్తుంది. మనిషి బుర్రలో ఉన్న లెక్కకీ మెషిన్ లోపలి లెక్కకీ ఇలా తేడా ఉన్నప్పుడు మనిషిని మార్చమనడం దండగ. టైము పక్కన ఆ ప్రోగ్రాంకి పట్టే కరెంటు కూడా చూపిస్తే అత్తయ్య తనంతట తానే ఎకో పెడతారు. ఆవిడ లెక్కల్లో నాకన్నా గట్టి.

ఆప్ గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. బట్టలు ఉతకడానికి పుట్టినరోజు ఎందుకో అడిగింది. వైఫై కలవలేదు, "ఏదో తప్పు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి" అంది, ప్రయత్నించినప్పుడల్లా అదే మాట. కారణం, మెషిన్‌లో ఉన్నది 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే, నా ఫోన్ 5 మీద ఉంది. ఆ ఒక్క వాక్యం తెర మీద రాసి ఉంటే నా ఆదివారం మిగిలేది. కలిశాక మాత్రం ఉతకడం అవ్వగానే ఫోన్‌కి కబురొస్తుంది, ఇది నిజంగా ఉపయోగం. ఆ వెంటే వాళ్ళ డిటర్జెంట్ ప్రకటన కూడా వస్తుంది. రెండూ ఒకే స్విచ్ కింద పెట్టారు, ప్రకటన ఆపితే కబురూ ఆగిపోతుంది. పొరపాటున జరిగిందని నేననుకోను.

అయితే ఆప్‌లో అందరూ తిట్టే ఒక విషయాన్ని నేను వెనకేసుకొస్తాను. ఫోన్ నుంచి మెషిన్ మొదలుపెట్టాలంటే ప్రతిసారీ ముందు మెషిన్ దగ్గరికి వెళ్ళి "రిమోట్ స్టార్ట్" నొక్కి రావాలి. "అక్కడిదాకా వెళ్ళాక ఇక ఫోన్ దేనికి?" అంటాడు మా ఆయన. డ్రమ్ము పిల్లి దూరేంత ఉంటుంది, చిన్నపిల్లలు దూరేంత కూడా ఉంటుంది. ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి లోపల చూసి తలుపు వేశాకే మొదలవ్వాలి. అన్ని అడ్డంకులూ తీసేయడం మంచి డిజైన్ అనుకునేవాళ్ళు ఈ ఒక్కదాని దగ్గర ఆగి ఆలోచించాలి.

ఇన్ని చెప్పాను కదా, కొలిచి చూద్దామని ఇంట్లో ఒక ఫారం నింపించాను. ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) అంటారు, వాడకం ఎంత సులువో కొలవడానికి జాన్ బ్రూక్ 1986లో తయారుచేశాడు. పది వాక్యాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా ఒప్పుకుంటారో లేదో చెప్పాలి. బేసి వాక్యాలన్నీ పొగడ్తలు, సరి వాక్యాలన్నీ తిట్లు, కాబట్టి కళ్ళు మూసుకుని అన్నిటికీ నాలుగు కొట్టేవాళ్ళు దొరికిపోతారు. బేసివాటిలోంచి ఒకటి తీసేయాలి, సరివాటిని ఐదులోంచి తీసేయాలి, మొత్తాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే వందకి లెక్క వస్తుంది. అది శాతం కాదు, చాలామంది అక్కడ పొరబడతారు. వేర్వేరు వస్తువుల మీద చేసిన వాటన్నిటి సగటు సుమారు 68. నా ఫారం 72.5కి తేలింది, అత్తయ్యది 40కి. ఒక్కొక్క మనిషి ఫారంతో ఏమీ రుజువవ్వదు, నాకూ తెలుసు. పైగా కంపెనీ సర్వేకి నాలాంటివాళ్ళనే పిలిచి సగటు తీసి ఉంటే అంతా బాగానే ఉందని వచ్చి ఉండేది. నేను పట్టుకున్నది ఆ రెండు అంకెల మధ్య దూరం.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఒకే తరహా మనుషులు ఐదుగురిని కూర్చోబెట్టి వాడమంటే సగటున 85 శాతం లోపాలు బయటపడతాయని నీల్సన్, లాండవర్ 1993లో లెక్క కట్టారు. ఒక్కొక్కరి దగ్గర 31 శాతం లోపాలు కనబడతాయన్న అంచనా మీద వచ్చిన లెక్క అది, అన్నిచోట్లా అంతే రాదు. అత్తయ్య వయసువాళ్ళు వేరే తరహా, వాళ్ళ కోసం వేరే ఐదుగురు కావాలి. ఆ ఐదుగురి చేతులూ తడిపి, కళ్ళజోళ్ళు పక్కన పెట్టించి, ట్రేలో పౌడర్ వేయమని ఒక్క పూట చూసి ఉంటే పైన రాసినవాటిలో ముప్పాతిక మొదటి రోజే దొరికేవి.

కొన్నవాళ్ళం కాబట్టి ఇంకో మాట. ఇందులో చాలా లోపాలకి మెషిన్ మార్చక్కర్లేదు. పోయినసారి సెట్టింగ్ గుర్తుంచుకోవడం, తాళం వదిలాకే పాట పాడటం, పవర్‌ని ఒక సెకను పట్టుకుంటేనే ఆఫ్ అవ్వడం, చైల్డ్ లాక్ ఉన్నప్పుడు ఆ అక్షరాలు నాలుగు సెకన్లు నిలబడటం, ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో సరిపోతాయి. వైఫై ఉంది, అప్‌డేట్లు వస్తున్నాయి. ఇప్పటిదాకా వచ్చినవాటిలో కొత్త పాట ఒకటుంది. ఇవన్నీ రాసి కస్టమర్ కేర్‌కి పంపాను, మాన్యువల్ చదవమని జవాబొచ్చింది.

ఇంట్లో ఒక్కరే వాడతారు, ఆప్‌లంటే చిరాకు లేదు, బట్టలు శుభ్రంగా రావాలి అనుకుంటే కళ్ళు మూసుకుని కొనండి. పెద్దవాళ్ళు వాడే ఇల్లైతే ఇదే కంపెనీలో ఒక మెట్టు కిందిది, గట్టి బటన్లున్నది చూడండి, లోపలి మోటారు అదేనని అమ్మేవాళ్ళే చెప్పారు. షోరూంలో ప్లగ్గు పెట్టించి ఆన్ చేయించండి. వాడబోయే మనిషిని వెంట తీసుకెళ్ళండి. నీళ్ళ సీసా మూత తీసి వేళ్ళు తడుపుకుని టెంపరేచర్ మార్చమనండి, పౌడర్ ఏ గదిలో వేస్తారో చూపించమనండి. మీరు మాత్రం పక్కన నిలబడి ఏమీ చెప్పకండి. సేల్స్ అబ్బాయిని కూడా చెప్పనివ్వకండి, వాళ్ళని ఆపడమే కష్టం.